ఆత్మవ్యామోహం: అద్దం వదిలి పొరుగువాని ముఖం చూద్దాం



ప్రార్థన చేయడానికి ఇద్దరు మనుష్యులు దేవాలయానికి వెళ్లారని ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసిందే (లూకా 18:9-14). ఒకడు పరిసయ్యుడు, మరొకడు సుంకరి. ఈసారి ఆ పరిసయ్యుని ప్రార్థనను తెలుగు పంతులుగారు వ్యాకరణ పాఠం చెప్పినట్లు విడదీసి చూడండి. అతని మాటలన్నిటికీ కర్త ఒక్కడే, తాను. తాను ఎవరివంటివాడు కాడో చెప్పుకున్నాడు. తన ఉపవాసాల లెక్క చెప్పాడు. తాను చెల్లించే పదియవ వంతు గురించి చెప్పాడు. దేవుని పేరుతో మొదలైన ప్రార్థన తన గొప్పల జాబితాగా ముగిసింది.

ఒక సంగతి గమనించండి. అతడు అబద్ధమాడలేదు. నిజంగానే ఉపవాసమున్నాడు, నిజంగానే చెల్లించాడు. వెనుక నిలబడిన సుంకరిని కూడా చూశాడు. అయితే సోదరునిగా చూడలేదు, తన ఎత్తు కొలుచుకోవడానికి ఒక కర్రగా చూశాడు. మంచి పనులు చేసేవారిని కూడా, గుడికి క్రమం తప్పక వచ్చేవారిని కూడా పట్టుకునే ఈ జబ్బు పేరు ఆత్మవ్యామోహం. ఈ వారం మన పాఠం దాని గురించే. దానిని ఇతరులలో వెదకడానికి కాదు, మనలో గుర్తించి జయించడానికి.

నీటిలో నీడ, కొండలో ప్రతిధ్వని

ఆంగ్లంలో ఈ గుణానికి వాడే నార్సిసిజం అనే మాట ఒక గ్రీకు పురాణకథ నుండి వచ్చింది. సుమారు 2000 సంవత్సరాల క్రితం ఓవిడ్ అనే రోమను కవి దానిని విపులంగా రాశాడు. నార్సిస్సస్ చక్కని యువకుడు. తనను ప్రేమించినవారినందరినీ చులకన చేసి పంపేవాడు. ఒకనాడు నీళ్లు తాగబోయి మడుగులో తన నీడను చూసి మోహించాడు. అక్కడి నుండి లేవలేక, నీడను పట్టుకోలేక కృశించి చనిపోయాడు. అతడు పడినచోట ఒక పువ్వు మిగిలింది.

ఈ కథ చెప్పేవారు తరచుగా ఇక్కడితో ఆపేస్తారు. కాని ఇందులో ఇంకొక వ్యక్తి ఉంది. ఆమె పేరు ఎకో. ఒక దేవత శాపం వల్ల ఆమెకు సొంతంగా మాట్లాడే శక్తి పోయింది. ఎదుటివారు పలికిన చివరి మాటలనే తిరిగి పలకగలదు. ఆమె నార్సిస్సస్‌ను ప్రేమించి, తిరస్కారం పొంది, దిగులుతో క్షీణించి, చివరికి శరీరం లేని గొంతుగా మిగిలింది. కొండల్లో వినబడే ప్రతిధ్వని ఆమేనని ఆ కథ.

అంటే నీడను చూసుకున్నవాడొక్కడే నశించలేదు. అతని పక్కన ఉన్న మనిషి కూడా తన మాటను పోగొట్టుకుంది. ఈ పాఠమంతటిలో మనం గుర్తుంచుకోవలసినది ఇదే. ఆత్మవ్యామోహం ఉన్న ఇంట్లో ఒకరే మాట్లాడతారు, మిగిలినవారు ప్రతిధ్వనులవుతారు. భార్య "అవును" అంటుంది. పిల్లలు "సరే" అంటారు. బయటివారికి ఆ ఇల్లు ఎంతో ప్రశాంతంగా కనబడుతుంది.

కాబట్టి "నాకు గర్వముందా?" అని ప్రశ్నించుకుంటే ఎవరికీ సరైన జవాబు దొరకదు. "మా ఇంట్లో ప్రతిధ్వనిగా మారినది ఎవరు?" అని ప్రశ్నించుకోండి. జవాబు త్వరగా దొరుకుతుంది.

వైద్యులు ఏమంటారు?

1914లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ విషయంపై ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులో దీనిని ఒక వ్యక్తిత్వ రుగ్మతగా చేర్చింది. ఇప్పుడు ఆ గ్రంథంలో దీనికి 9 లక్షణాలు చెప్పారు. తానెంతో గొప్పవాడినన్న భావన, ఎప్పుడూ మెప్పు కావాలనే దాహం, తనకు ప్రత్యేక హక్కులున్నాయన్న నమ్మకం, ఇతరులను తన అవసరాలకు వాడుకోవడం, ఎదుటివారి బాధను గుర్తించలేకపోవడం, అసూయ, అహంకారం మొదలైనవి వాటిలో ఉన్నాయి. కనీసం 5 లక్షణాలు ఎంతోకాలంగా, జీవితంలోని అనేక సందర్భాలలో స్థిరంగా ఉండి హాని చేస్తుంటేనే వైద్యుడు దానిని రుగ్మత అంటాడు.

కనుక గొప్పలు చెప్పుకునే ప్రతివాడూ రోగి కాడు. ఆ స్వభావం మాత్రం కొద్దో గొప్పో మనందరిలో ఉంది. ఈ రోజుల్లో ఫోనులో నాలుగు వీడియోలు చూసి భర్తకో, అత్తకో, కోడలికో, పై అధికారికో ఆ పేరు తగిలించడం అలవాటైంది. ఇలా చేసేవారు దావీదు రాజును గుర్తుంచుకోవాలి. పేదవాని ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పినప్పుడు దావీదు కోపంతో ఊగిపోయాడు. ఆ ధనవంతుడు మరెవరో కాదు, రాజేనని ప్రవక్త తేల్చి చెప్పాడు (2 సమూవేలు 12). ఈ పాఠం చదువుతుండగా మీకు ఎవరి ముఖమైనా గుర్తుకు వస్తే, ఆ ముఖాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీ ముఖం దగ్గరికి రండి.

మన ఇళ్లలో దీని ఆనవాళ్లు

హత్నూర మండలంలో బోర్పట్ల, గుండ్లమాచనూరు వైపు మందుల కంపెనీలు వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు దూరం కావు. ఒకే ఇంట్లో ఒకరు పొలానికి పోతారు, ఒకరు షిఫ్టుకు పోతారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఇంటి యజమానిని ఊహించుకోండి. కళ్లు మండుతుంటాయి, చేతులకు మందుల వాసన వదలదు. "ఈ ఇల్లంతా నా రెక్కల మీద నడుస్తున్నది" అంటాడు. ఆ కష్టం నిజమే. ఎవరూ కాదనలేరు.

అయితే తెల్లవారుజామున లేచి అతనికి డబ్బా కట్టినదెవరు? పిల్లలను బడికి తయారుచేసి, పత్తి ఏరడానికి పోయి, సాయంత్రం మళ్లీ పొయ్యి ముందు కూర్చున్నదెవరు? ఆమె రోజు ఎలా గడిచిందని ఆ ఇంట్లో ఎవరైనా అడిగారా? తన కష్టాన్ని చెప్పుకోవడం జబ్బు కాదు. తన కష్టమొక్కటే కష్టమని, మిగిలినవారిది లెక్కలోకి రాదని అనుకోవడం జబ్బు.

సంఘంలోనూ ఇవే ఆనవాళ్లు. గుడికి ఒక ఫ్యాను ఇస్తే రెక్కల మీద పేరు రాయించాలి. పండుగకు ఫ్లెక్సీ కట్టిస్తే పునీతుని బొమ్మ కన్నా దాత బొమ్మ పెద్దదిగా ఉండాలి. పాటల బృందంలో మనకు ఇష్టమైన పాట ఎంచుకోకపోతే ఆ ఆదివారం గొంతు నొప్పి వస్తుంది. విచారణ సంఘంలో మన సలహా నెగ్గకపోతే "నేను లేకుండా ఈ పండుగ ఎట్ల జరుగుతదో చూస్తా" అంటాం. రోడ్డు పక్క పొలానికి ధర పలికి చేతిలో డబ్బు ఆడిన తరువాత, నిన్నటిదాకా కలిసి కూలికి పోయిన బావ పలకరించినా వినబడదు.

ఇది పైకి కనబడే రకం. లోపల దాగి ఉండేది మరొకటి. అది గొప్పలు చెప్పదు, నొచ్చుకుంటుంది. "నా అంత కష్టపడ్డవాళ్లు ఎవరున్నరు? నన్నెవరు పట్టించుకున్నరు?" అంటుంది. ఎవరో ఒకరు కృతజ్ఞత చెప్పలేదని నెలల తరబడి మౌనం పాటిస్తుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్ద కుమారుడు ఇటువంటివాడే (లూకా 15:25-32). ఏళ్ల తరబడి సేవ చేశాడు, కాని సేవనంతా లెక్క రాసి పెట్టుకున్నాడు. తమ్ముడు బ్రతికి వచ్చిన రోజున కూడా అతనికి తనకు దక్కని మేకపిల్లే గుర్తుకు వచ్చింది. కుటుంబం కోసం అన్నీ త్యాగం చేశామనుకునే తల్లులూ తండ్రులూ ఈ ఉపమానాన్ని తరచు చదువుకోవాలి.

గురువులకు, ఉపదేశులకు మినహాయింపు లేదు. 2014 డిసెంబరు 22న దివంగత పోపు ఫ్రాన్సిస్ వాటికన్ కార్యాలయాల పెద్దలకు క్రిస్మసు సందేశమిస్తూ 15 ఆధ్యాత్మిక వ్యాధులను వివరించారు. తాము లేనిదే ఏదీ జరగదనుకోవడం అందులో మొట్టమొదటిది. తన రూపాన్నే చూసుకుంటూ ఇతరుల ముఖాలలోని దేవుని రూపాన్ని చూడలేని ఆత్మవ్యామోహాన్ని అక్కడ ఆయన పేరు పెట్టి ప్రస్తావించారు. మందుగా ఒకసారి సమాధుల తోటకు వెళ్లి రమ్మన్నారు. తాము లేనిదే లోకం నడవదనుకున్నవారు ఎందరో అక్కడ నిద్రిస్తున్నారు.

పొరుగు వాగులోకి వదిలిన మురికి

ఈ జబ్బుకు ఇంకొక గుర్తు ఉంది. తప్పు ఎప్పుడూ తనది కాదు. మన ప్రాంతంవారికి దీనిని వివరించడానికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, మంజీర వైపు పారి, మధ్యలోని గ్రామాల బావులను, పొలాలను పాడుచేసిన కథ మీకు తెలుసు. ఆ రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీ ఆవరణ మాత్రం శుభ్రంగా ఉంది, గేటు ముందు పూలమొక్కలున్నాయి. మురికి పోయింది పొరుగువాని పొలంలోకి.

మనం చేసేది కూడా ఇదే. లోపల సిగ్గు, భయం, ఓటమి పేరుకుంటాయి. వాటిని మన దగ్గర ఉంచుకుని శుద్ధి చేసుకోవడం కష్టం. కనుక భార్య మీదికో, పిల్లల మీదికో, కింద పనిచేసే కాంట్రాక్టు కూలీ మీదికో వదిలేస్తాం. సూపర్‌వైజరు మనల్ని నలుగురిలో తిట్టాడు, ఇంటికి వచ్చి కూరలో ఉప్పు లేదని గిన్నె విసిరాం. మన ఆవరణ శుభ్రమైంది. ఆ మురికి ఎవరి బ్రతుకులో ఇంకిందో మనం చూడలేదు.

నిజానికి ఆత్మవ్యామోహం కింద ఉండేది అతిగా బలిసిన మనసు అనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఉండేది గాయపడిన మనసు. చిన్ననాడు ఎవరూ ముఖం చూసి మాట్లాడని బిడ్డ, పెద్దయిన తరువాత అందరూ తన ముఖమే చూడాలని పట్టుపట్టవచ్చు. గాయం మన తప్పు కాకపోవచ్చు. దాని చీమును ఇతరుల మీద చిమ్మడం మాత్రం మన బాధ్యతే.

వినయమంటే అణిగి ఉండడం కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గర్వాన్ని జయించమనే బోధను కొందరు ఆయుధంగా వాడుకుంటారు. ఊరి చివర వాడలో పుట్టి, తాతముత్తాతలనాటి నుండి తల దించుకుని నడవమని నేర్పబడినవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారి బిడ్డ చదువుకుని తలెత్తి మాట్లాడితే "పొగరెక్కింది" అనేవారున్నారు. అది పొగరు కాదు, ఆత్మగౌరవం. దేవుడు మానవుని తన పోలికలో సృజించాడని ఆదికాండము చెబుతున్నది (1:27). ఆ పోలికను కాపాడుకోవడం పాపం కాదు.

ప్రధానార్చకుని ముందు ఒక బంట్రోతు చెంపదెబ్బ కొట్టినప్పుడు క్రీస్తు తిరిగి కొట్టలేదు. కాని మౌనంగానూ ఉండలేదు. తన మాటలో తప్పేముందో చూపమని, తప్పు లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు (యోహాను 18:22-23). వినయమూర్తి అయిన ప్రభువే అన్యాయాన్ని ప్రశ్నించాడు. కాబట్టి దెబ్బలు తింటున్న ఇల్లాలికి "వినయంగా ఉండమ్మా" అని సలహా ఇవ్వకండి. ఆమెకు కావలసింది రక్షణ. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది.

ఆత్మగౌరవం "నేనూ మనిషినే" అంటుంది. ఆత్మవ్యామోహం "నేనొక్కడినే మనిషిని" అంటుంది. ఈ రెంటినీ కలిపివేయకండి.

ఉల్లిగడ్డ పొరలు

ఐదవ శతాబ్దంలో జాన్ కాసియన్ అనే మఠవాసి తన పెద్దల నుండి విన్న పోలికను రాసిపెట్టాడు. వ్యర్థ కీర్తికాంక్ష ఉల్లిగడ్డవంటిదట. ఒక పొర తీస్తే కింద మరొక పొర. మంచి బట్టలు కట్టి గర్వించేవాడు వాటిని వదిలేస్తే, వదిలేశానని గర్విస్తాడు. మాట్లాడి మెప్పు పొందేవాడు మౌనం వహిస్తే, మౌనం చూసి మెచ్చుకోవాలని ఎదురుచూస్తాడు.

అందుచేత తనను తాను తిట్టుకోవడం ఈ జబ్బుకు మందు కాదు. "నేనెంత పాపినో, నాకంటే నీచుడు లేడు" అని రోజంతా అనుకునేవాడు కూడా అద్దం ముందే ఉన్నాడు. ముందు తన అందం చూసుకున్నాడు, ఇప్పుడు తన మచ్చలు చూసుకుంటున్నాడు. సుంకరి రొమ్ము బాదుకున్నాడు గాని అక్కడే ఆగలేదు, దేవుని కరుణ వైపు తిరిగాడు. మందు ఆ తిరగడంలో ఉంది. దేవుని వైపు, ఎదుటి మనిషి వైపు ముఖం తిప్పడం. ఆ మనిషి మాటను అతనికి తిరిగి ఇవ్వడం.

ఏడు అభ్యాసాలు

ఒకటి, రాత్రి ఆత్మశోధన. పునీత ఇన్యాసి లొయోలా రాసిన ఆధ్యాత్మిక అభ్యాసాల గ్రంథాన్ని 1548లో పోపు మూడవ పౌలు ఆమోదించారు. అందులోని ఆత్మశోధనకు ఐదు మెట్లున్నాయి. దేవునికి వందనం చెప్పడం, తన పాపాలను తెలుసుకునే వరం అడగడం, రోజును గంటగంటకూ తిరిగి చూడడం, క్షమాపణ వేడడం, రేపటికి తీర్మానించడం. పది నిమిషాలు చాలు. దీనితోపాటు ఒకే ఒక్క తప్పును ఎన్నుకుని పోరాడమని కూడా ఆయన నేర్పారు. ఉదాహరణకు, ఎదుటివారి మాటకు మధ్యలో అడ్డుపడడం. ఆ తప్పు చేసిన ప్రతిసారీ చేయి గుండెపై ఉంచుకోండి. కంపెనీ బస్సులో ఉన్నా, మెషీను దగ్గర ఉన్నా ఎవరూ గమనించరు. రాత్రి నోటుపుస్తకంలో అన్ని చుక్కలు పెట్టండి. నిన్నటి చుక్కలతో, పోయిన వారం చుక్కలతో పోల్చి చూడండి.

రెండు, అడిగి వినడం. రోజుకొకసారి ఇంట్లో ఒకరిని "ఈ రోజు నీకు ఎట్ల గడిచింది?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మీ సంగతి ఎత్తకండి. "ఇదేం కష్టం, నాకైతే..." అన్న మాట నోటిదాకా వస్తుంది. దానిని మింగండి. సువార్తలలో పునీత జోజప్పగారు పలికిన ఒక్క మాట కూడా రాయబడలేదు. ఆయన విన్నాడు, లేచాడు, తల్లిని బిడ్డను కాపాడాడు. 1955లో పోపు పన్నెండవ పయస్ మే 1వ తేదీని కార్మికుడైన జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. షిఫ్టుకు పోయే మన కుటుంబాలకు ఆయనకన్నా మంచి ఆదర్శం లేదు.

మూడు, "కాని" లేని క్షమాపణ. "కోపంలో అన్న, కాని నువ్వు కూడా గట్లనే మాట్లాడితివి" అనేది క్షమాపణ కాదు, రెండవ తగాదా. "నిన్న మీ అన్నదమ్ముల ముందర నిన్ను చులకన చేసిన. తప్పు నాది. నీకు నొచ్చింది" అనేది క్షమాపణ. చేసినది చెప్పాలి, నొప్పిని ఒప్పుకోవాలి, అక్కడ ఆపాలి. కుటుంబ ప్రేమపై 2016లో వెలువడిన ఆమోరిస్ లెతీసియ ప్రబోధంలో పోపు ఫ్రాన్సిస్ ప్రతి ఇంటికీ మూడు మాటలు అవసరమన్నారు. అనుమతి అడిగే మాట, కృతజ్ఞత తెలిపే మాట, క్షమాపణ కోరే మాట. పెద్దలు పిల్లలకు కూడా ఈ మాటలు చెప్పాలి.

నాలుగు, దాచిన మంచి పని. వారానికొక మంచి పని ఎవరికీ తెలియకుండా చేయండి (మత్తయి 6:1-4). గుడి ఊడవండి, నీళ్ల బిందె నింపిపెట్టండి, జ్వరంతో ఉన్న వలస కూలీకి అన్నం పంపండి. తరువాత ఏదో ఒక మాటలో ఆ సంగతి బయటపెట్టాలని నాలుక దురదపెడుతుంది. ఆ దురదే మీ జబ్బు ఎంత ఉందో చూపే కొలత. మెదక్‌లోని దక్షిణ ఇండియా సంఘంవారి పెద్ద చర్చిని కరవు రోజుల్లో పేదలకు పని, తిండి దొరికేలా కట్టించారని మన పెద్దలు చెబుతారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠించబడింది. కట్టించిన పోస్నెట్ దొరగారి పేరు అందరికీ తెలుసు. తట్టలు మోసిన తల్లుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వందేళ్లుగా జనం ఆ నీడలో ప్రార్థిస్తూనే ఉన్నారు.

ఐదు, దిద్దుబాటును అడగడం. మీతో కలిసి బ్రతికే ఒక్కరిని అడగండి: "నాతోటి నీకు కష్టమనిపించేది ఏంది?" జవాబు విన్నాక ఒక రోజంతా ఏమీ అనకండి. సంజాయిషీ వద్దు, ఎదురు జాబితా వద్దు. ఇది అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం. మొదటిసారి వారు భయపడి "ఏమీ లేదు" అనవచ్చు. అలా అంటే సంతోషించకండి. ఆ భయం ఎక్కడి నుండి వచ్చిందో ఆలోచించండి.

ఆరు, అప్పుల లెక్క. మనకున్నదంతా పొందినదేనని, పొందినదాని గురించి గొప్పలేమిటని పునీత పౌలు కొరింతువారిని అడిగాడు (1 కొరింతీ 4:7). మీ ఉద్యోగం, చదువు, ఆరోగ్యం వెనుక ఉన్నవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఫీజు కోసం పుస్తెలు కుదువపెట్టిన అమ్మ, కంపెనీలో మాట చెప్పి చేర్చిన మేనమామ, అక్షరాలు దిద్దించిన టీచరమ్మ. బ్రతికి ఉన్నవారికి వెళ్లి వందనం చెప్పండి. వెళ్లిపోయినవారి కోసం దివ్యబలిపూజలో ప్రార్థించండి.

ఏడు, సూటిగా పాపసంకీర్తనం. "నాకు గర్వముంది స్వామీ" అని చెప్పి లేవడం సులభం. ఆ మాటలో ఎవరూ కనబడరు. "నా కోడలిని పుట్టింటి పేరెత్తి మూడుసార్లు అవమానించాను" అంటే అందులో ఒక ముఖం ఉంది. ఆ ముఖానికి చేయవలసిన పరిహారం కూడా అప్పుడే తెలుస్తుంది.

పిల్లల విషయం

తల్లిదండ్రులకు ఒక మాట. 2015లో నెదర్లాండ్స్‌లో 565 మంది పిల్లలను, వారి తల్లిదండ్రులను కొంతకాలం గమనించిన పరిశోధన ఒకటి వెలువడింది. తమ బిడ్డ ఇతర పిల్లలకన్నా గొప్పవాడని, ప్రత్యేక మర్యాదకు తగినవాడని భావించే తల్లిదండ్రుల పిల్లల్లో తరువాత ఆత్మవ్యామోహం పెరిగింది. ఆప్యాయత పంచిన తల్లిదండ్రుల పిల్లల్లో ఆత్మగౌరవం పెరిగింది.

కనుక ప్రేమను తగ్గించనవసరం లేదు, పోటీని తగ్గించాలి. "మా వాడు క్లాసులో అందరికన్నా ఫస్టు" అని చుట్టాల ముందు నిలబెట్టి చూపిస్తే, ఆ బిడ్డ మార్కులు పోయిన రోజున తన విలువ కూడా పోయిందనుకుంటాడు. "నువ్వు బాగా కష్టపడ్డవు బిడ్డా, నీ పక్కోనికి లెక్క చెప్పినవట, మంచిది" అంటే వాడి చూపు అద్దం మీద కాక పక్కవాని మీద పడుతుంది. మన బిడ్డ మన గొప్పకు ఫ్లెక్సీ కాదు. దేవుడు మనకు అప్పగించిన మరొక మనిషి.

ఎప్పుడు వైద్యుని చూడాలి?

ఎన్నిసార్లు తీర్మానించుకున్నా కోపం, అనుమానం, నిరాశ లోబడకపోతే, ఇంట్లోవారు భయంతో బ్రతుకుతుంటే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మనోవైద్యుని కలవడం సిగ్గుపడవలసిన పని కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరికి పోయినట్టే ఇదీను. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి పోటీ కావు.

మార్పు వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?

"నాలో వినయం పెరిగింది" అని మీకనిపిస్తే నమ్మకండి, అది ఉల్లిగడ్డలో ఇంకొక పొర కావచ్చు. గుర్తు మీలో కాదు, మీ పక్కనున్నవారిలో కనబడుతుంది. ఎన్నడూ ఎదురు చెప్పని మీ భార్య ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ "అది గట్ల కాదు, నాకు వేరేగా అనిపిస్తున్నది" అని భయం లేకుండా అంటుంది. మీ కూతురు తాను చేసిన తప్పును మీ దగ్గరికే వచ్చి చెబుతుంది. ఆ రోజు మీకు కొంచెం నొప్పిగానే ఉంటుంది. దేవునికి వందనం చెప్పండి. ప్రతిధ్వనిగా మిగిలినవారికి మళ్లీ సొంత గొంతు వచ్చింది.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఎవరు? తక్కువగా మాట్లాడేది ఎవరు? ఎందుకు?
2. ఈ వారం మనలో ఎవరి కష్టాన్ని ఎవరూ గుర్తించలేదు?
3. లూకా 18:9-14 చదవండి. మనం ఎవరిని మన ఎత్తు కొలిచే కర్రగా వాడుతున్నాం?
4. ఏడు అభ్యాసాలలో ఒక్కదానిని ఒక్కొక్కరు ఎన్నుకుని, వచ్చే ఆదివారం దాకా పాటించండి.

ప్రార్థన: ప్రభువా, మా ముఖం మేమే చూసుకుని అలసిపోయాము. మా ఇంట్లో ఉన్నవారి ముఖాలను మాకు చూపించు. మేము ఆపివేసిన మాటలను వినే చెవులను మాకు దయచేయి. మా మురికిని పొరుగువారి మీదికి వదలక నీ కరుణ ముందుకు తెచ్చే ధైర్యమునిమ్ము. ఆమెన్.